పది సున్నాలు

పరీక్షల్లో ఓడిపోవడం నాకు అలవాటు లేదు. ఎంసెట్‌లో నాకొచ్చిన ర్యాంకు చూసి మా కాలేజీ వాళ్ళు నా ఫొటో సిటీ బస్సుల వెనకాల అంటించారు. ఆ ఫొటో తీసిన రోజు నాకు ఒళ్ళు కాలిపోయే జ్వరం. అయినా పళ్ళన్నీ కనిపించేలా నవ్వమంటే నవ్వాను. ఆ తర్వాత జీఆర్ఈ, టోఫెల్, డెట్రాయిట్‌లో మాస్టర్స్, డ్రైవింగ్ టెస్టు, అన్నీ మొదటి దెబ్బకే. అలాంటి నాకు, మా పాప ఆద్య పుట్టాక ఆరో వారంలో, నేను సంతోషంగా ఉన్నానో లేదో తేల్చడానికి కూడా ఈ దేశంలో ఒక పరీక్ష ఉందని తెలిసింది. తెలియగానే మా ఆయన శశికాంత్ చేసిన మొదటి పని క్వశ్చన్ పేపరు సంపాదించడం.

పేపరు లీక్ చేసింది రేణక్క. అప్పటికి, అంటే రెండువేల పదకొండు జనవరి నాటికి, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా అపార్ట్‌మెంట్ల చుట్టుపక్కల తెలుగువాళ్ళందరికీ ఆవిడే పెద్ద దిక్కు. వీసా స్టాంపింగ్‌లో ఏం అడుగుతారు, డ్రైవింగ్ టెస్టుకి ఎక్కడ పార్కింగ్ చేయిస్తారు, మునక్కాడలు ఏ షాపులో ఏ రోజు దిగుతాయి, అన్నీ ఆవిడ నాలిక చివరే ఉండేవి. మనసు వెన్న. కాన్పుకి రావలసిన మా అమ్మకి వీసా ఇవ్వలేదని తెలిసిన దగ్గర్నుంచీ నాకు పత్యం వండి తెచ్చి పెట్టింది రేణక్కే. వెల్లుల్లి కారం, బీరకాయ కూర, మెత్తటి అన్నం డబ్బాల్లో సర్ది, ఆ చలిలో, ఆ మంచులో తలుపు కొట్టేది. అందుకే ఆవిడ ఫోన్ చేస్తే శశి స్పీకర్‌లో పెట్టాడు.

"సిక్స్ వీక్స్ చెకప్‌లో ఒక షీట్ ఇస్తారమ్మా ఉజ్వలా. పది బిట్లు. డిప్రెషన్ ఉందో లేదో చూట్టానికి. అందరికీ ఇస్తారు, టెన్షన్ పడకు. కానీ చూసుకుని టిక్ పెట్టాలి. కొన్నింటికి మొదటి ఆప్షన్ మంచిది, కొన్నింటికి ఆఖరిది మంచిది. తిరగేసి పెడతారు వాళ్ళు! మన విద్య లేదూ, ఆ అమ్మాయి అన్నీ మొదటిదే పెట్టుకుంటూ పోయింది పాపం. వాళ్ళు హడలిపోయి గంటసేపు కూర్చోబెట్టేశారు. టోటల్ జీరో రావాలి. జీరో వస్తే హ్యాపీగా ఇంటికి పంపించేస్తారు."

"రాకపోతే?" అన్నాను.

"రాకపోతే చైల్డ్ సర్వీసెస్‌కి ఫోన్ చేస్తారంట. వాళ్ళొచ్చి బేబీని తీసుకెళ్ళిపోతారంట. పైగా రికార్డులో పడితే రేపు గ్రీన్‌కార్డ్‌కి ఎన్ని తలనొప్పులో! నాకు తెలిసి మనవాళ్ళకెవరికీ జరగలేదులే. ఎందుకు జరగలేదు? అందరికీ జీరోలే కాబట్టి."

ఆ లాజిక్కుకి మామూలుగా అయితే నేను పడీపడీ నవ్వేదాన్ని. శశి మాత్రం నవ్వలేదు. అతనిది కార్ల కంపెనీలో కాంట్రాక్టు ఉద్యోగం. వీసా, రికార్డు అన్న మాటలు వినిపిస్తే చాలు, అతని భుజాలు వాటంతట అవే బిగుసుకుంటాయి. ఆ సాయంత్రమే డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి నాకు కోచింగ్ మొదలుపెట్టాడు. ఒక భుజం మీద ఆద్య, రెండో చేతిలో ప్రింటవుట్.

"బిట్ నంబర్ ఫోర్. కారణం లేకుండా కంగారుగా ఉంటోందా?"

"లేదు. అస్సలు లేదు."

"ఆప్షన్?"

"మొదటిది."

"గుడ్. సెవెన్. నిద్ర పట్టనంత దిగులుగా ఉందా?"

"లేదు. ఆఖరి ఆప్షన్."

"సూపర్ ఉజ్జీ. నీకు ఇవన్నీ ఒక లెక్కా!"

పదో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి కాగితం వైపు ఒకసారి చూసి, "ఇది నీకెందుకులే, ఆఖరిది పెట్టెయ్," అని మడిచి జేబులో పెట్టుకున్నాడు. తనకి తాను హాని చేసుకోవాలన్న ఆలోచన వస్తోందా అన్న ప్రశ్న అది. నేను అంతకు ముందే చదివేశాను. అతను పైకి చదవలేకపోయాడు. అతను మూర్ఖుడు కాదు, రాతి మనిషీ కాదు. నన్నూ పిల్లనీ పోగొట్టుకుంటానేమోనన్న భయంలో తనకి చేతనైన పని చేశాడు. మా ఇద్దరికీ చేతనైన పని అదొక్కటే, బట్టీ పట్టడం.

నిజం ఏమిటంటే, ఆ పదింటిలో ఒక్కదానికి కూడా నా అసలు జవాబు సున్నా కాదు.

ఆద్యని చూస్తే నాకు నోట మాట వచ్చేది కాదు. దాని గోళ్ళు బియ్యపు గింజల్లో సగం కూడా ఉండవు, అయినా ఒక్కోదానికీ చివర సన్నటి తెల్లంచు. ఈ పని నా కడుపులో నాకు తెలియకుండా ఎవరు కూర్చుని చేశారా అని గంటల తరబడి చూస్తూ ఉండిపోయేదాన్ని. కానీ ఆ చూపులో ప్రేమ ఉందో లేదో నాకు తెలిసేది కాదు. గాజు తలుపు బయట నిలబడి ఎవరింట్లోనో దీపాలు చూస్తున్నట్టు ఉండేది. అంత గొప్ప వస్తువుని నా చేతుల్లో పెట్టి ఎవరో ఏదో పొరపాటు చేశారని, అసలు మనిషి వచ్చి తీసుకుపోయేదాకా నేను కాపలా మాత్రమే కాస్తున్నానని అనిపించేది.

దానికంటే వింత, నా బుర్ర. పిల్లని ఎత్తుకుని మెట్ల దగ్గరికి వెళితే చాలు, అది నా చేతుల్లోంచి జారి కింద పడిపోతున్నట్టు కళ్ళకి కట్టేది. మామూలు ఊహలా కాదు, నిజంగా జరిగిపోయినట్టే. చేతులు చల్లబడిపోయేవి. వెనక్కి పరిగెత్తి తలుపు వేసుకునేదాన్ని. అలాంటి బొమ్మ నేను కోరకుండా, నన్ను అడక్కుండా, ఇన్నేళ్ళూ చెప్పిన మాట విన్న నా బుర్రలోంచే ఎలా పుడుతోందో అర్థమయ్యేది కాదు. అది కాక ఇంకో మాట కూడా ఉండేది. పొద్దున్నే ఆద్య ఏడుపుకి మెలకువ రాగానే, ఇక లేవకుండా ఉండిపోతే బాగుండును, నేను లేకపోతే వీళ్ళిద్దరూ హాయిగా ఉంటారు అన్న మాట. కాఫీ తాగాలి అనుకున్నంత మామూలుగా వచ్చేది అది.

చెబితే పిల్లని తీసుకుపోతారు. చెప్పకపోతే నేనేమైపోతానో నాకే తెలియదు. ఈ రెండింటి మధ్యా నిలబడి, నేను చక్కగా బిట్లు చదువుకున్నాను.

చెకప్ రోజున రాత్రంతా కురిసిన మంచు ఇంకా ఎవరూ తొక్కకుండా ఉంది. కారు వేడి చేసి, అద్దాల మీద ఐస్ గీకడానికి శశి ముందే దిగాడు. మాది రెండో అంతస్తు, మెట్లు బయటికే ఉంటాయి. నేను ఆద్యని, పసిపిల్లల్ని బుట్టలా మోసుకెళ్ళే కార్‌సీట్‌లో పడుకోబెట్టి, పట్టీలు బిగించి, తలుపు తాళం వేసి మెట్ల వైపు తిరిగాను. కళ్ళ ముందుకి ఆ బొమ్మ వచ్చేసింది. కింద కారు హీటర్ మోత వినిపిస్తోంది. అప్పుడు నేను చేసిన పని ఎవరైనా చూసి ఉంటే నాకు పిచ్చి పట్టిందనే అనుకునేవారు. పై మెట్టు మీద కూర్చున్నాను. కార్‌సీట్‌ని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో కావలించుకుని, కూర్చునే, ఒక్కో మెట్టూ జరుగుతూ కిందకి దిగాను. ఐస్ కరగడానికి అపార్ట్‌మెంట్ వాళ్ళు చల్లే ఉప్పంతా నా కోటు వెనక రాసుకుపోయింది. శశి కారు రెండో వైపు ఉన్నాడు, చూడలేదు. నేను లేచి దులుపుకుని, ఏమీ ఎరగనట్టు కారెక్కాను.

"రివిజన్ చేద్దామా?" అన్నాడు దారిలో.

"అక్కర్లేదు. వచ్చేసింది."

క్లినిక్‌లో నర్సు పేరు డెబ్రా. మా అమ్మ వయసుంటుంది. మెడలో తాడుకి కళ్ళజోడు వేలాడుతోంది, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. ఈ భాగం తల్లి ఒక్కదానితోనే మాట్లాడతామని నవ్వుతూనే చెప్పి శశిని వెయిటింగ్ రూమ్‌లో ఆపేసింది. శశి నాకు బొటనవేలు పైకెత్తి చూపించాడు. నేను ఆద్యని తీసుకుని లోపలికి వెళ్ళి, కోటు విప్పి కొక్కేనికి తగిలించి కూర్చున్నాను. ఆమె మాట్లాడింది ఇంగ్లీషే. కానీ ఆ గొంతులో నాకు 'మీరు' వినిపించలేదు, 'నువ్వు' అనే వినిపించింది. అందుకే అలాగే చెబుతాను.

షీట్ ఇచ్చింది. నేను పెన్ను తీసుకుని మొదటిది, మొదటిది, ఆఖరిది, మొదటిది, ఇక అక్కణ్ణుంచి అన్నీ ఆఖరివి చకచకా గీసేసి ఇచ్చేశాను. ఆమె ఇంకా కళ్ళజోడు పెట్టుకుంటూనే ఉంది.

"చాలా ఫాస్ట్‌గా చేశావే," అంది.

"థాంక్యూ," అన్నాను. సిగ్గులేని దాన్ని, ఆ స్థితిలో కూడా కాస్త గర్వపడ్డాను.

ఆమె కాగితాన్ని పైనుంచి కిందకి చూసింది. తర్వాత నన్ను చూసింది.

"నేనీ గదిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. మీ ఇండియన్ అమ్మాయిలు చాలామంది నాకు ఇదే పేపరు ఇస్తారు. పది సున్నాలు. మొదట్లో అనుకునేదాన్ని, పిల్లల్ని కని ఇంత ఆనందంగా ఉంటున్నారే, వీళ్ళేం తింటున్నారో కనుక్కుని నేనూ తినాలి అని." నవ్వింది. తర్వాత నవ్వు ఆపి మామూలుగా అంది. "నాకు ముగ్గురు పిల్లలు. సున్నా ఎప్పుడూ రాలేదు."

ఆమె లేచి, కొక్కేనికి ఉన్న నా కోటు కిందుగా పట్టుకుని చూసింది. వెనక భాగమంతా ఉప్పు తెల్లగా చారికలు కట్టింది.

"ఐస్ మీద పడ్డావా?"

"లేదు."

ఆమె ఇంకేమీ అడగలేదు. ఆ షీట్ బల్ల మీద బోర్లా పెట్టి, కుర్చీ నా దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"సరే. పేపరు అయిపోయింది. ఇప్పుడు నిన్న ఏం చేశావో చెప్పు. పొద్దున్నించి. తొందరేం లేదు."

అది సిలబస్‌లో లేదు! నా జన్మలో నేను ఆన్సర్ తయారు చేసుకోని ప్రశ్న అదే. ఒక మనిషి ఇంకో మనిషిని నిన్న ఏం చేశావు అని అడగడంలో ఏముంది చెప్పండి? కానీ ఆమె అడిగి, నోరు మూసుకుని, జవాబు కోసం ఎదురు చూసింది. నేనెలా ఉన్నానో ఈ ఆరు వారాల్లో అందరూ అడిగారు. ఎవరూ ఇలా ఆగలేదు.

అంతలో ఆద్య ఏడుపు లంకించుకుంది. నేను కదల్లేదు. "నేను ఎత్తుకోనా?" అని అడిగి, డెబ్రా పట్టీలు విప్పి దాన్ని భుజాన వేసుకుంది. అది ఆమె మెడలో ముక్కు పెట్టుకుని కాస్త నెమ్మదించింది.

"నిన్న పొద్దున లేచాను," అని మొదలుపెట్టి ఆగిపోయాను. "కాదు. లేవలేదు. అసలు పడుకోలేదు."

ఆ తర్వాత నా నోరు నా మాట వినలేదు. నిన్న శశి ఆఫీస్ కాల్‌లో ఉంటే, బాత్రూమ్‌లో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చానని చెప్పాను. రేణక్క తెచ్చిన అన్నం చెత్తలో వేసి, డబ్బా కడిగి, చాలా బాగుందని మెసేజ్ పెట్టానని చెప్పాను. కింద ఉన్న ఉత్తరాల పెట్టె దాకా కూడా వెళ్ళలేదని చెప్పాను. ఎందుకు వెళ్ళలేదో చెప్పాలంటే మెట్ల సంగతి చెప్పాలి. అదీ చెప్పాను. బొమ్మ సంగతి చెప్పాను. చెబుతున్నంతసేపూ నా కళ్ళు ఆమె భుజం మీద ఉన్న పిల్లని వదల్లేదు. ఒక్కో మాటా బయటికి వస్తోంటే, అది నాకు కొంచెం కొంచెం దూరమవుతోందనిపించింది. అయినా ఆపలేకపోయాను. ఆఖరికి పొద్దున్నే వచ్చే ఆ మాట కూడా చెప్పేశాను.

ఆమె ఉలిక్కిపడుతుందని చూశాను. ఉలిక్కిపడలేదు. ఆద్య వీపు నిమురుతున్న చెయ్యి ఒక్క క్షణం కూడా ఆగలేదు.

"ఆ బొమ్మ కనిపించినప్పుడు నీకు అలా చెయ్యాలనిపిస్తుందా, భయమేస్తుందా?"

"భయం. చచ్చేంత భయం. అందుకే ఇవాళ మెట్ల మీద కూర్చుని దిగాను."

"అంటే బిడ్డకి ఏమీ కాకూడదని ఆ చలిలో, ఆ మంచులో కూర్చుని జరుగుతూ దిగావు."

అదే పని. అవే మెట్లు. నేను దాన్ని పిచ్చి అన్నాను. ఆమె దాన్ని అటు తిప్పి పెట్టింది, అంతే. మరి అటు వైపు కూడా ఒకటి ఉందని ఇన్నాళ్ళూ నాకెందుకు కనిపించలేదో, ఆమెకి అంత తేలిగ్గా ఎలా కనిపించిందో!

"ఇలాంటి బొమ్మలు చాలామంది తల్లులకి వస్తాయి. ఎవరూ ఎవరికీ చెప్పరు," అంది. ఆ పైన సూటిగా, గొంతు ఏమాత్రం తగ్గించకుండా అడిగింది. "లేవకుండా ఉండిపోతే బాగుండునన్నావు. చచ్చిపోవడానికి ఏమైనా ఆలోచన చేసుకున్నావా? ఎలా అని?"

శశి పైకి చదవలేక మడిచేసిన ప్రశ్న. ఆమె నోట్లో అది మామూలు ప్రశ్న అయిపోయింది. అలా అడిగితే ఆకాశం విరిగి పడదని నాకు ఆ రోజు తెలిసింది.

"లేదు. ఎలా అని ఎప్పుడూ అనుకోలేదు. లేవకపోతే బాగుండునని, అంతే."

"ఆ మాట మీ ఆయనకి తెలుసా?"

"తెలియదు."

"సరే. విను. ఇది జబ్బు. నీ చేతకానితనం కాదు. దీనికి పేరుంది, వైద్యం ఉంది, పాలిస్తూ వాడుకోగలిగే మందులున్నాయి. డాక్టర్ నిన్ను ఇవాళే చూస్తుంది. మాట్లాడటానికి ఒక మనిషిని ఏర్పాటు చేస్తాం. భయం ఎక్కువైతే ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలియకుండా నిన్ను ఈ గడప దాటనివ్వను. మీ ఆయన్ని లోపలికి పిలవనా?"

నేను తలూపాను. పిల్లని తీసుకుపోతారా అని మాత్రం అడగలేకపోయాను.

ఆమె లేచింది. ఆద్యని నాకివ్వలేదు. భుజం మీద అలాగే ఉంచుకుని తలుపు వైపు నడిచింది. అయిపోయింది, అనుకున్నాను. రేణక్క చెప్పింది నిజమే. నేనే నా నోటితో పిల్లని పంపించేశాను. అడ్డుపడాలని ఉంది, లేవలేకపోయాను. నాకు దాని మీద ప్రేమ ఉందో లేదో తెలియదన్నాను కదా! ఆ తలుపు దాకా ఉన్న నాలుగడుగుల్లో నా పేగులు ఎవరో పట్టుకుని లాగినట్టయింది. అప్పుడు తెలిసింది.

డెబ్రా తలుపు తీసి, బయట ఎవరితోనో డాక్టర్‌ని రమ్మని, ఉజ్వల భర్తని లోపలికి పంపమని చెప్పింది. గడప దాటలేదు.

శశి వచ్చాడు. ముఖంలో రిజల్ట్స్ రోజు ఉండే ఆత్రం. నా పక్కకి వచ్చి తెలుగులో గుసగుసగా అడిగాడు.

"ఎంతొచ్చింది?"

"జీరో," అన్నాను. "కానీ అంతా చెప్పేశాను, శశీ."

"అంతా అంటే?"

"మెట్లు దిగలేకపోతున్నాను. పిల్ల పడిపోతున్నట్టు కనిపిస్తోంది నాకు. పదో బిట్ కూడా. పొద్దున్నే లేవాలని ఉండటం లేదు నాకు. నేను లేకపోతే మీరు బాగుంటారనిపిస్తోంది."

శశి ముందు నా వైపు చూశాడు. నాతో కలిసి ఒకే ఇంట్లో ఉంటూ ఆరు వారాలుగా తను ఏమీ చూడలేదని అప్పుడే తెలిసిన మనిషి చూపు అది. తర్వాత డెబ్రా చేతుల్లో ఉన్న ఆద్య వైపు చూశాడు. మీటింగుల్లో పదిమందిని ఒప్పించే శశికాంత్‌కి ఇంగ్లీషు రాలేదు. "నిద్ర లేదు తనకి. అంతే. తను మంచి తల్లి. ప్లీజ్. బేబీని నాకివ్వండి, నేను చూసుకుంటాను," అన్నాడు, సగం మాటలు తెలుగులోనే. రెండు చేతులూ ముందుకి చాచాడు.

"తప్పకుండా చూసుకోవాలి నువ్వు," అంది డెబ్రా. "ఇద్దరినీ."

చాచిన ఆ చేతుల పక్కనుంచి నడిచి నా దగ్గరికి వచ్చింది. వంగింది. ఆద్యని నా ఒళ్ళో పెట్టి, దాని తల నా మోచేతి మడతలో సర్దింది.

"ఆకలేస్తోంది దీనికి," అంది. "అమ్మ కావాలి."

నేను ఆమెకి ఇంతసేపూ చెప్పింది ఈ చేతుల గురించే. జారిపోయేవీ, చల్లబడిపోయేవీ, నేనే నమ్మని ఈ చేతుల గురించే. ఆమె ఒక్క మాట కూడా వదలకుండా అంతా విన్నది. విని, వీటిలోనే పెట్టింది.

శశి నేల మీద కూలబడి నా మోకాలికి నుదురు ఆనించాడు. ఆద్య వెతుక్కుని రొమ్ము అందుకుంది. నా చేతులు చల్లగానే ఉన్నాయి, కానీ వదల్లేదు.